తలుపు బయట నేర్చుకున్న ఊపిరి

17 ఆగస్టు 2009

కోపం ఇంకా తీరని నీ కూతురు రాస్తున్నది, అమ్మా,

నా ఉత్తరమని చూసి జడుసుకోకు, బాగానే ఉన్నాను. చదివి వినిపించేది పక్కింటి అఫ్రీనే కదా. అఫ్రీన్, నా తిట్లు మింగకుండా ఉన్నదున్నట్టు చదువు.

రెండేళ్లుగా నీతో ఎందుకు మాట్లాడడం లేదో నీకు తెలుసు, ఊరికి తెలియదు. నా కొడుకు పుట్టి ఏడవనప్పుడు, ఊరి మంత్రసానివి, నువ్వు బొడ్డు కోయకుండా, వెనక పడ్డ మాయను నిప్పుల మీద వెచ్చజేస్తూ కూర్చున్నావు. ఆ వేడి బొడ్డుపేగులోంచి ఎక్కి ప్రాణం వస్తుందన్నావు. రాలేదు. 'నువ్వే చంపినవ్' అన్నాను. రెండు నెలలు తిరగకముందే టౌనుకొచ్చి ఈ దవాఖానలో ఆయాగా చేరాను.

పోయిన వారం నాగర్‌కర్నూల్ నుంచి ప్రభుదాసు డాక్టరు వచ్చాడు. పుట్టి ఏడవని పిల్లలకు ఊపిరి పోయడం నేర్పాడు. నర్సులకేనట, ఆయాలు బయటే. నేను తలుపు దగ్గరి బండనే మూడు రోజులు తుడిచాను. అందులో మొహం కనబడుతున్నది ఇప్పుడు. సాయంత్రం గదికొచ్చి పాత చీర చుట్టి బొమ్మను చేసి, విన్నదంతా దాని మీద చేశాను. తుడవాలి, పొడిబట్ట చుట్టాలి, వీపు రుద్దాలి. అప్పటికీ ఊపిరి లేకపోతే ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, దానికున్న రబ్బరు బుడగ నొక్కాలి. అంతా ఒక్క నిమిషంలో! నీ నిప్పులు రాజుకోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

మొదటి రోజు డాక్టరు బొమ్మనిచ్చి చేసి చూపమంటే, ఉమారాణి సిస్టరు దాని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి పిర్రల మీద ఒక్కటిచ్చింది. నా నోరు ఆగలేదు.

"బట్టలుతుకుతున్నవా సిస్టరూ? మా అమ్మ బడి మొఖం జూడలే, ఆమె గూడ గట్ల జెయ్యది!"

"నీకేం దెల్సే? పో, బకీటు దీస్కొని!"

ఆ రోజే రాజీనామా రాసుకున్నాను, సోమవారం సిస్టరు మొహాన కొడదామని.

శుక్రవారం పొద్దున ధరూర్ వైపు నుంచి ఒకామె ఆటోలో వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మెత్తగా, నీలంగా, చప్పుడు లేదు. సిస్టరు తుడిచింది, రుద్దింది, మాస్కు పెట్టి నొక్కింది. ఛాతీ లేవలేదు. మళ్లీ మళ్లీ నొక్కింది.

"సిస్టరూ, గదువ ఛాతికి ఆనింది. మెడ జర ఎనక్కి."

"నాకు వస్తలేదే సౌందర్యా, నువ్వు పట్టు!"

పట్టాను. గడ్డం పైకెత్తి మెడ సరిచేసి, మాస్కు అదిమి బుడగ నొక్కాను. "నొక్కు, ఇడువు. నొక్కు, ఇడువు" అని సిస్టరు లెక్క పెడుతుంటే చిన్న ఛాతీ లేచింది. ముందు పిల్లికూనలా మూలిగింది, తర్వాత దవాఖానంతా అదిరేలా ఏడ్చింది. నేనూ సిస్టరూ కావలించుకుని అంతకంటే గట్టిగా ఏడ్చాం. బయట పిల్ల నాయనమ్మ, "లోపల ముగ్గురు పుట్టిండ్రా ఏంది?" అని అడిగిందట.

రాజీనామా చింపేశాను. సంగతి విని డాక్టరు ఆదివారమే వచ్చాడు. ఊళ్ల మంత్రసానులకు నన్నే నేర్పమన్నాడు. అప్పుడు నీ గురించి చెప్పాను. 'మీ అమ్మకు ఎవరు నేర్పిండ్రమ్మా?' అన్నాడు. నీకెవరూ నేర్పలేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఏడో తారీఖు, గురువారం, నేర్చుకోవడానికి దవాఖానకు రా. నేను అరుస్తాను. నువ్వు పడాలి.

నీ సౌందర్య

21 ఆగస్టు 2009

బిడ్డా సౌందర్యా,

నేను చెప్తున్న, అఫ్రీన్ రాస్తున్నది. నీ తిట్లు రెండుసార్లు చదివిచ్చుకున్న. ఎన్ని దినాలాయె నీ మాట ఇని!

నీ కొడుకు పోయిన్నాటి సంది నేను ఒక్క కాన్పు పట్టలే. ఎవరొచ్చినా ఆటో ఎక్కిచ్చి నువ్వున్న దవాఖానకే తోలుతున్న. నువ్వు ఊపిరి వోసింది నాకు ఎరుకున్న హుసేన్‌బీ మనవరాలికి, బయటున్న ఆ నాయనమ్మ ఆమెనే. "మా సౌందర్య ఆడుంటది, పోండి" అని తోలింది నేనే. నా పేరు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్న, అందుకే ఆమె నీకు చెప్పలే.

గురువారం వస్త. జోగులమ్మను, రేణుకమ్మను గూడ తోల్కొస్త. ముగ్గురు మంత్రసానులం ఒక్క ఆటోల వస్తే ఆ డ్రైవరు ఏం పరేషాన్ అయితడో. నువ్వు మంచిగ అరువు. నా చెయ్యి తప్పు వోతే ఆన్నే పట్టి ఆపు. ఆ దినం ఆపెటోళ్లు లేకపాయె.

నీ అమ్మ సుభద్రమ్మ, వేలిముద్ర