నాయన పరిగెత్తాలి

అమ్మకు నమస్కారాలు. నాకు జ్వరం తగ్గింది, దిగులు పడొద్దు.

నాయన అడిగిన పాయింటర్ జాతి వేటకుక్క పిల్ల దొరికినట్టే. తల్లిని చూసి పిల్లను తెమ్మన్నాడు కదా, అందుకని బస్టాండు దగ్గర గంపలో పెట్టి అమ్మేవాళ్లను వదిలేసి, తిరుచానూరులో కుక్కల్ని పెంచే వరదయ్య ఇంటికి వెళ్లాను. తల్లికుక్క చూడముచ్చటగా ఉంది. పిల్లను ఎత్తుకోబోతే ఆయన అడ్డం వచ్చాడు.

"తల్లిని నువ్వు సూసినావు. మీ ఇంటిని నేను సూడొద్దా? ఇది కట్టేసి పెట్టే కుక్క కాదబ్బా. దినామూ దీంతో రెండు మైళ్లు పరిగెత్తే మనిషి మీ ఇంట్లో యాడుండాడు?"

పిల్ల చేజారుతుందని భయపడి, మా నాయన రోజూ పరిగెడతాడని చెప్పేశాను. కళ్లారా చూస్తానని ఆదివారం పొద్దుటి బస్సుకు ఆయన మన ఊరికి వస్తున్నాడు.

ఊరగాయ పంపొద్దు, పాతదే ఉంది. చెల్లెలు ధరణికి పరీక్షలు ఎప్పుడు? కుక్కను కట్టెయ్యడానికి నాయన ముందే కొనిపెట్టిన గొలుసును అటక మీద దాచెయ్యి. కార్డు అందగానే ఆయన్ను మంచం మీది నుంచి లేపి, కనీసం కళ్లం దాకా పరిగెత్తించు.

ధరణికి ఆశీస్సులు. నాయనకు నా నమస్కారాలు చెప్పు, ఆయాసం తీరాక.

నీ కొడుకు
మునిప్రసాద్