పన్నెండు శాతం బయటపెట్టింది నేనే

దౌత్య చర్చలు నేర్పే మాష్టారు గారికి,

నమస్కారం. నేను మీ విద్యార్థుల జట్టు నాయకురాలి నానమ్మను.

దిగుమతి సుంకాల మీద జరిగిన మాదిరి చర్చలో మన జట్టు ఎంతవరకు దిగివస్తుందో ఎదుటివాళ్లకు చెప్పేసిందని, నా మనవరాలి స్నేహితురాలిని మీరు జట్టులోంచి తీసేశారు. చెప్పింది ఆ అమ్మాయి కాదు, నేను.

తప్పులు దిద్దుదామని మనవరాలి నోటుపుస్తకం అడగకుండా తెరిచాను. ముప్పై శాతం సుంకంతో మొదలుపెట్టి పన్నెండు దగ్గర ఆగాలని రాసుకుంది. దాని తెలివికి మురిసిపోయి, ఒక స్నేహితురాలికి ఫోనులో చదివి వినిపించాను. ఆవిడ మనవడు ఎదుటి జట్టులో ఉన్నాడని నాకు తెలుసు. గొప్పలు చెప్పుకునే తొందరలో అది పట్టించుకోలేదు.

"నా స్నేహితురాలే నన్ను నట్టేట ముంచింది, నానమ్మా!" అని మనవరాలు ఏడిస్తే, "స్నేహాలు చూసి చెయ్యాలే, పిచ్చిదానా" అని నీతులు కూడా చెప్పాను. అది తలుచుకుంటే నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు.

శనివారం చర్చ వ్యక్తిగత సమాచార రక్షణ మీదనట. దయచేసి ఈలోగా ఆ అమ్మాయిని తిరిగి చేర్చుకోండి. ఈ ఉత్తరం అందరి ముందూ చదవండి.

ఇందాకే మనవరాలికి నిజం చెప్పాను. అది తన గదిలోకి వెళ్లి, మొట్టమొదటిసారి లోపల గడియ పెట్టుకుంది. నేను తలుపు తట్టలేదు.

ఇట్లు,
మీ ముందు తలవంచుకున్న
ఒక నానమ్మ