నువ్వడిగిన బెల్టు కోటు

ఆరిఫాకు,

సలాం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, అమ్మీ, అబ్బా అల్లా దయవల్ల చల్లగా ఉన్నారనుకుంటున్నాను. ఛుట్టీకి ఊరెళ్లి తిరిగొచ్చిన మా కంపెనీ సర్దార్ నీ ఉత్తరమూ, మీ అమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయా తెచ్చి ఇచ్చాడు. ఊరగాయ సగం దారిలోనే తినేశాడు. ఉత్తరం మాత్రం విప్పలేదు, ఆ పాటి మర్యాద ఉంది వాడికి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ చెల్లెలు అఫ్షాన్ నవ్విందని రాశావు. నవ్వనీ. మనం ఫోన్లో మాట్లాడితే స్పీకర్ పెట్టి ప్రొద్దుటూరు సగం వింటుంది. మొగుడూ పెళ్లాల మాటలకి అంత సభ నాకు అక్కర్లేదు.

నీ ప్రశ్నలకి జవాబులు. చలి నిజంగా అంత ఉంటుందా అనడిగావు. ఉంటుంది. మన ఊళ్లో జనవరిలో పాలవాడు తలకి తువ్వాలు చుట్టుకుంటే అది చలి అనుకుంటాం. ఇక్కడిది ఎముకలు కొరికే చలి. కోటు వేసుకుంటే లావుగా కనబడతానా అనడిగావు. కనబడతావు. కోటు వేసుకుని సన్నగా కనబడిన మనిషిని నేనింకా చూడలేదు. ఈ మధ్య గదిలోంచి వీడియో కాల్ ఎందుకు చేయడం లేదన్నది మూడో ప్రశ్న. దాని సంగతి చివర్లో.

ముందు కోటు సంగతి. నువ్వడిగింది బెల్టు కోటు, సరే. 'నీ టేస్టుతో కొనొద్దు, కొనేముందు తెలిసినవాళ్లని అడుగు' అని నువ్వన్నావు చూడు, ఆ ఒక్క మాట నా ప్రాణం తీసింది. విజిట్ వీసా అప్పుడే వచ్చింది, టికెట్టు ఇంకా తీయనే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రియాద్‌లో నువ్వు ఏ రంగు కోటు వేసుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం వరస కట్టారు.

మొదట మీ అఫ్షాన్. ప్రొద్దుటూరు దాటి కడప దాకా వెళ్తే బస్సులో వాంతి చేసుకునే పిల్ల, సెల్లులో రీళ్లు చూసి రియాద్ ఫ్యాషన్ అంతా చదివేసింది. "బావా, బెల్టుండేది తీస్కో. అక్కకి నడుం కనపడల్ల" అంది. సరేనమ్మా, మరి బుర్ఖా ఎక్కడ? కోటు మీద బుర్ఖా వేస్తే నడుమూ బెల్టూ లోపల దాక్కుంటాయి, మనిషి వడ్ల బస్తాలా తయారవుతుంది. బుర్ఖా మీద కోటు వేస్తే కింద నల్ల గుడ్డ జానెడు వేలాడుతుంది. ఇది అడిగితే, "నువ్వు ఊరికే లాయర్ మాటలు మాట్లాడతావు బావా" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత మా ఆఫీసు శాంసన్. కాకినాడ మనిషి. ఆ ఊళ్లో చలికాలం అంటే ఫ్యాను రెండో నంబరులో పెట్టుకోవడం. అలాంటివాడు నా టేబుల్ మీద మోచేతులు ఆనించి, "కోటు అంటే ఖర్చు కాదండీ, ఇన్వెస్ట్‌మెంటండీ. మేడం గారి స్కిన్ టోన్ ఏంటో చెబితే షేడ్ నేను చెప్తానండీ" అన్నాడు.

"నా పెండ్లాం రంగు నీకెందుకప్పా?" అన్నాను.

"అలా అంటే ఎలాగండీ? సిటీ లైఫ్ అంటే ప్రెజెంటేషనండీ" అని నొచ్చుకున్నాడు. ఆయన ప్రెజెంటేషన్ ఏమిటంటే, ఉన్న రెండు చొక్కాల్నీ మార్చి మార్చి ఇస్త్రీ చేసుకోవడం.

ఇక మీ అన్న మతీన్. నీకు కోపం వచ్చినా రాస్తాను. ఈ దేశమొచ్చి ఒక మాల్‌లో అత్తరు సీసాలు తుడిచే ఉద్యోగం దొరకగానే ఆ మాల్ తనదే అయినట్టు నడుస్తాడు. ఒక ఉబ్బుకోటు కొన్నాడు, ఛాతీ మీద కంపెనీ పేరు లారీ వెనక రాతంత ఉంటుంది. "ఊర్లో ఫోటో చూస్తారు గదా బావా. బ్రాండు పేరు కనపడల్ల. కనపడకపోతే కొని ఏం లాభం?" అన్నాడు. లోపల చలికి వణుకుతున్నా ఫరవాలేదట, బయట పేరుంటే చాలట. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

ఈ చెత్తంతా బుర్రకెక్కించుకుని, శాంసన్‌ని వెంటబెట్టుకుని, ఒక శుక్రవారం దుకాణానికి వెళ్లాను. చివరికి నువ్వడిగిన బెల్టు కోటే చేతిలోకి తీసుకున్నాను. లేత గోధుమ రంగు. బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఒక్క క్షణం అందులో నువ్వు కనబడ్డావు కూడా.

కొనలేదు.

ఉత్తరం పైన ఊరి పేరు రాయలేదని నువ్వు చూసే ఉంటావు. మరిచిపోయి కాదు. కోటు చేతిలో ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు. "కాషిఫ్, రియాద్ ఆఫీస్ ఖలాస్, మూసేశాం. సండే నుంచి బురైదా" అన్నాడు. మనిషిని పీకి ఇంకోచోట నాటడానికి అంతకంటే ఎక్కువ మాటలు ఖర్చుపెట్టరు ఈ పెద్దమనుషులు. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, నా ఇఖామా, వాళ్ల చేతిలో ఉంది, కాదంటే ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తారు. కోటు మళ్లీ హ్యాంగరుకి తగిలించాను. "సైజు చాల్లేదాండీ?" అన్నాడు శాంసన్. అవునన్నాను.

అందుకే వీడియో కాల్ లేదు. వెనక గోడ చూస్తే నీకు తెలిసిపోతుంది. బురైదా రియాద్‌కి నాలుగు గంటల దూరం, పైగా నేనున్నది ఆ ఊళ్లో కూడా కాదు. ఊరవతల ఖర్జూరం తోటల్లో కంపెనీ ప్యాకింగ్ షెడ్డు, దాని పక్కన ఒక గది, రేకుల వంటిల్లు. మాల్ దగ్గర్లో లేదు. నీతో మాట్లాడ్డానికి ఒక ఆడమనిషి లేదు. సాయంత్రమైతే గాలి, గాలితో ఇసుక. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నెల నుంచి ఎందుకు చెప్పలేదంటే, భయం. మా అల్లుడు రియాద్‌లో ఆఫీసరు, మా అమ్మాయి అక్కడ మాళ్లలో తిరుగుతుంది అని మీ అమ్మ ప్రతి పెళ్లిలోనూ చెబుతోంది. నువ్వూ సందంతా చెప్పుకున్నావు. పెళ్లయి మూడేళ్లయినా మనం కలిసి ఉన్నది నా ఛుట్టీల్లోనే. నువ్వు రావాలనుకున్నది రియాద్‌కేమో, నా దగ్గరికి కాదేమో అని రోజూ కుమిలిపోతున్నాను. పైన అందరినీ తిట్టాను గానీ, అందరికంటే పిరికివాణ్ణి నేనే.

మొన్న పాత బజారుకు వెళ్లాను. ఇక్కడ గొర్రెలు కాసేవాళ్లూ, లారీల వాళ్లూ చలికి ఫర్వా అని ఒకటి కప్పుకుంటారు. పాదాల దాకా ఉంటుంది, బయట మందపు గుడ్డ, లోపల గొర్రె బొచ్చు. నడుం లేదు, బెల్టు లేదు, పేరు లేదు. బుర్ఖా లోపలా బయటా అన్న తగువే లేదు, దాని కింద ఏదైనా పడుతుంది. అమ్మే పెషావర్ ముసలాయన గడ్డం దువ్వుకుంటూ, "బ్రౌన్ మే హీరో దిఖ్తే హో, భాయ్" అన్నాడు. బ్రౌన్ రంగులో హీరోలా ఉన్నానట. తోటల్లోకొచ్చినా స్టైలు సలహా తప్పలేదు. కొన్నాను.

వీసా ఎక్కడికీ పోలేదు. టికెట్టు రియాద్‌కి బదులు ఇక్కడికి తీయాలి, అంతే. రాననుకుంటే రాకు. కోపం రాదని రాయను, వస్తుంది, ఏడుపూ వస్తుంది. కానీ ఈసారి ఎవరినీ అడగొద్దు. మీ అన్నని, చెల్లెల్ని, సందులోవాళ్లని, ఎవరినీ. ఈ ఉత్తరం తెచ్చిన మైదుకూరు మనిషి నెలాఖరుకి తిరిగొస్తాడు. నీ జవాబు అతని చేతికివ్వు.

నిన్న సాయంత్రం ఫర్వా వేసుకుని గది బయట నిలబడ్డాను. నన్ను చుట్టుకున్నాక కూడా చాలా మిగిలింది. చెయ్యి చాపి ఆ మిగిలింది పట్టుకుని చూశాను. స్టైలు సంగతి నాకు తెలియదు ఆరిఫా. సైజు మాత్రం ఇద్దరికి సరిపోతుంది.

ఇట్లు,
బురైదా తోటల నుంచి,
నీ భర్త,
కాషిఫ్