డ్రోన్ నుంచి చెప్పిన మాట

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, వేళకు ఇంత తింటున్నాం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలి గురించి రాశావు. వాపు తగ్గింది. మెట్లెక్కొద్దంటే నా మీద విసుక్కుంటోంది. విసుక్కుంటోందంటే కోలుకుంటున్నట్టేనని నీ మరదలు అంటోంది. ఇంట్లో బురదంతా కడిగేశాం. గోడల మీద నీటి చార మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు.

నాన్న సంగతి ఫోన్‌లో అడుగుతూనే ఉన్నావు. పక్కన అమ్మ ఉంటుంది, ఏం చెప్పను? చివర్లో ఆయన్ని ఎవరూ చూడలేదని అందరికీ చెప్పాను. అది అబద్ధం అక్కా. నేను చూశాను.

వరద రోజు మా స్టేషన్ డ్రోన్ నడిపింది నేనే. నా ఉద్యోగాన్ని నాన్న ఏమనేవాడో నీకు తెలుసుగా, జీతమిచ్చి గాలిపటాలు ఎగరేయిస్తున్నారని. గోడౌన్ల వైపు తిప్పితే, ఆయన కాపలా కాసే గోడౌన్ రేకుల మీద ఎవరో చొక్కా విప్పి ఊపుతున్నారు. కిందికి దించి చూస్తే నాన్న. పక్కనే ఒక డాబా ఉంది, మధ్యలో సందు. దాని మీదికి దూకుదామని వెనక్కి జరుగుతున్నాడు.

మా ఎస్సైగారు నా వెనకే నిలబడి ఉన్నారు. పడవ బయల్దేరింది, కదలొద్దని చెప్పమన్నారు. పడవ నిజంగానే బయల్దేరింది. డ్రోన్‌కున్న స్పీకర్‌లో నేనే చెప్పాను.

"నాన్నా, నేను. దూకకు. అక్కడే కూర్చో, పడవ వస్తోంది."

నా గొంతు గుర్తుపట్టాడు. చెప్పినట్టే బుద్ధిగా కూర్చున్నాడు. పైకి చూస్తూ ఏదో అన్నాడు. ఆ డ్రోన్ మన మాట తీసుకెళుతుందే గానీ అవతలి మాట తేలేదు.

పడవ ఇంజను దారిలో ఆగిపోయింది. వాళ్లు తెడ్లు వేస్తూనే ఉన్నారు, నేను "ఇంకొంచెంసేపు నాన్నా" అంటూనే ఉన్నాను. రేకులు ఒక పక్కకు ఒరిగాయి. ఆ తర్వాత తెర మీద అంతా నీళ్లే. బ్యాటరీ అయిపోవచ్చేదాకా అక్కడక్కడే తిప్పాను.

దూకి ఉంటే బతికేవాడేమో. ఆ వయసులో ఆ సందు దాటలేడని ఎస్సైగారు అంటున్నారు. ఆయన మంచివారు, అలాగే అంటారు.

ఒంటరిగా పోయాడే, ఒక్కరైనా దగ్గర లేకపోయారే అని అమ్మ ఒకటే ఏడుపు. ఒంటరిగా పోలేదమ్మా అని చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. చెప్పమంటావా అక్కా?

ఇట్లు,
నీ తమ్ముడు