అందరి ట్రే

మార్చి 4

పెద్ద చదువుల అన్నయ్యకి,

నీ ప్రశ్నల కాగితం అందింది. ముప్పై రెండు ప్రశ్నలు! దొంగని పట్టుకున్నా పోలీసులు ఇన్ని అడగరు. ఫోన్ చేస్తే నేను తిడతాను, నువ్వు పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నా. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవుగా.

"వర్ధమాన ఆర్థిక వ్యవస్థలో చిన్న పరిశ్రమల నిర్వహణ: సవాళ్లు" అని కాగితం పైనున్నది పిన్నికి చదివి వినిపించాను.

"అంటే ఏంటే?" అంది.

"ఫ్యాక్టరీలు ఎందుకు నడవట్లేదో కనుక్కోవడం."

"నడుస్తోందిగా మనది! కాస్త కుంటుతోంది, అంతే."

దాన్నే నీ పుస్తకానికి ముందుమాటగా వేసుకో.

మా సవాళ్లు కావాలా? కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. ఓనరు చవగ్గా కొనే రీళ్లలో రాగి తీగ మీది పూత అక్కడక్కడ గీసుకుపోయి ఉంటుంది. తొందరగా లాగితే ఇంకా గీసుకుపోతుంది. ఆ గీత మేం చుట్టే కాయిల్ లోపల పడిందంటే, మీటర్ పెట్టినప్పుడు బాగానే చూపిస్తుంది గానీ నీళ్ల మోటారు నెలో రెండు నెలలో తిరిగాక కాలిపోతుంది. ఇక మా కుర్చీల గురించి అడగలేదు కాబట్టి రాయను.

పద్నాలుగో ప్రశ్న చూసి నవ్వొచ్చింది. మా బెంచీలో ఎనిమిది మంది ఉత్పత్తీ సమానంగా ఎందుకుందని కదా? ట్రే ఒక్కటే కాబట్టి. ఎవరు ఎన్ని చుట్టినా అందులోనే వేస్తాం. సాయంత్రం సూపర్‌వైజర్ లెక్కపెట్టి, ఎనిమిదితో భాగించి రాసుకుంటాడు. మాకంటే ముందు ఈ బెంచీ మీద పనిచేసిన ఆడవాళ్లు పెట్టిన పద్ధతి ఇది. ఒళ్లు బాగోని రోజు ఎవరికైనా వస్తుంది కదా.

నీకు మాత్రమే ఒకటి చెప్తున్నా. నేను రోజుకి అరవై చుడతాను. పిన్నివి ముప్పై ఎనిమిది దాటవు. చూపు తగ్గిందనుకుంటా. తీగని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టుకుని, పసిపిల్ల తల నిమిరినట్టు నిమురుతూ తిప్పుతుంది. అలా అయితే ఎప్పటికి తెములుతుంది? పర్వాలేదు, తన తక్కువ నా ఎక్కువలో కలిసిపోతోంది. అమ్మ పోయాక మనిద్దర్నీ సాకిన మనిషి, ఆమాత్రం మోయలేనా? నేను లెక్కపెడుతున్నానని తనకి తెలియదు. పుస్తకంలో ఎక్కించావంటే నీ హాస్టల్ గేటు ముందుకొచ్చి పరువు తీస్తా.

మధ్యాహ్నం అన్నం వేళ మేడ మీద కూర్చుని, రీళ్లకి చుట్టి వచ్చే పాత పేపర్లు చదువుతున్నాను. ఎనిమిదో తరగతి తర్వాత నా బడి అదే. పిన్నిని రమ్మంటే మెట్లెక్కలేనని బెంచీ దగ్గరే ఉండిపోతుంది.

ఇట్లు,
అరవై కాయిల్స్ రాణి

మార్చి 19

ప్రియమైన టపాకాయకి,

ముందే చెప్తున్నాను, పేలకు. నీ ఉత్తరం మా ప్రొఫెసర్ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "ఏడాదిగా నువ్వు వెతుకుతున్నది మీ చెల్లెలు ఒక్క పేజీలో రాసేసిందయ్యా" అన్నారు. నాకు సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి.

నాలుగో అధ్యాయం మొత్తం మీ ట్రే మీదే రాశాను. వెనకబడినవాళ్లు ఎవరో తెలియకపోతే యాజమాన్యం వాళ్లకి సాయం ఎలా చేస్తుంది? అందుకే మూడు సిఫారసులు చేశాను. ఎవరి ట్రే వాళ్లకుండాలి, రోజుకి యాభైకి తక్కువ చుట్టేవాళ్లకి కళ్ల పరీక్ష చేయించాలి, శిక్షణ ఇవ్వాలి. కళ్ల పరీక్ష రాసినప్పుడు నా మనసులో ఉన్నది పిన్నే.

పేర్లు లేవు, ఊరు లేదు, ఎవరూ గుర్తుపట్టలేరు. సర్వేకి ఒప్పుకున్నందుకు మీ ఓనరుకి ఒక కాపీ పంపాలి, అది నియమం. పంపాను.

పిన్నిని అడిగానని చెప్పు. నువ్వు వేళకి తిను.

ప్రేమతో,
అన్నయ్య

ఏప్రిల్ 27

సార్‌కి,

ఎనిమిది ట్రేలు వచ్చాయి. ఆకుపచ్చవి, ప్లాస్టిక్‌వి, నంబర్లు వేసినవి. చుట్టిన ప్రతి కాయిల్‌కీ అదే నంబరు, ఆ రోజు తేదీ వేసి బిళ్ల కట్టాలి. పిన్ని ఏడు. నేను ఎనిమిది. కళ్ల పరీక్ష ఉన్న పేజీ ఓనరు కాపీలోంచి ఎలుకలు కొట్టేసినట్టున్నాయి, దాని ఊసే లేదు.

ఓనరు మా బెంచీ ముందు నిలబడి నీ పుస్తకం చదివాడు. "ఉమ్మడి ట్రే వెనకబడినవారికి చాటుగా మారింది" అట. "ఒక కార్మికురాలి ఉత్పత్తి ముప్పై ఎనిమిది మాత్రమే" అట. చాటు అనే మాట నీది. ముప్పై ఎనిమిది నాది. పేర్లు లేవని మురిసిపోయావు కదా. ఎనిమిది మంది కూర్చునే బెంచీకి పేర్లెందుకయ్యా, వేళ్లు చాలు. ఏడు జతల కళ్లు పిన్ని వైపు తిరిగాయి. పిన్ని నా వైపు తిరిగింది. ఒక్కసారే, మళ్లీ తీగ అందుకుంది.

పది రోజులు లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. పదకొండో రోజు రేపట్నుంచి రావొద్దన్నారు. పంతొమ్మిదేళ్లు కూర్చున్న కుర్చీ. మిషను తుడిచింది, కుర్చీ మీద వేసుకునే గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. నేను సూపర్‌వైజర్ మీదికి లేచాను. నా జబ్బ పట్టుకుని కూర్చోబెట్టింది.

"నోరు పారేసుకోకు తల్లీ. ఒకళ్లమైనా ఉండాలి" అంది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, "తీగ కాస్త మెల్లగా తిప్పు" అంది.

నన్ను మెల్లగా తిప్పమంటుంది! ఆ మెల్లతనమే కదా తన కొంప ముంచింది!

నువ్వు రాసింది తప్పని ఓనరుకి రాయి. ఈ రోజే రాయి.

ఎనిమిదో నంబరు

మే 6

చెల్లీ,

ఉత్తరం చదివి రాత్రంతా కూర్చుండిపోయాను. మర్నాడే మీ ఓనరుకి రాశాను, ఫోన్ కూడా చేశాను. ఉత్పత్తి పెరిగిందని నాకు ధన్యవాదాలు చెప్పాడు.

నీకు చూపించకుండా రాయడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ అంకె అబద్ధం కాదు కదమ్మా? నువ్వే లెక్కపెట్టావు. పిన్ని కళ్లు నిజంగానే అలిసిపోయి ఉండొచ్చు. పోనీ కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోనీ. నా ఉపకార వేతనంలోంచి ప్రతి నెలా పంపుతాను.

క్షమించమని అడిగే ముఖం లేని,
అన్నయ్య

మే 15

విశ్రాంతా? పిన్ని నాలుగో రోజే ఆసుపత్రి లాండ్రీలో చేరింది. మందు కలిపిన వేడినీళ్లలోంచి దుప్పట్లు చేత్తో తీసి పిండాలి. సాయంత్రానికి వేళ్లు ఉడకబెట్టినట్టు పాలిపోయి వస్తున్నాయి. "అక్కడ ఎవరూ లెక్కపెట్టరే, హాయి" అని నవ్వుతుంది.

అంకె అబద్ధం కాదన్నావు. ఆ అంకెనే కప్పుకుని పడుకో.

నాకిక రాయకు.

జూలై 20

ప్రియమైన టపాకాయకి,

మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పిన్నికి ఫోన్ చేస్తే, "దాని కోపం తాటాకు మంటరా, ఆరిపోతుంది" అంది. ఆరలేదని నాకు తెలుస్తోంది.

నాకు డాక్టరేట్ వచ్చింది. నాలుగో అధ్యాయాన్ని అందరూ మెచ్చుకున్నారు. వాళ్లు చప్పట్లు కొడుతుంటే నాకు ఆకుపచ్చ ట్రేలు కనిపించాయి. తిట్టడానికైనా సరే, ఒక్క ముక్క రాయి.

ఎదురుచూస్తూ,
అన్నయ్య

ఆగస్టు 11

అన్నయ్యా,

తిట్టడానికి రాయట్లేదు. నా దగ్గర తిట్లు అయిపోయాయి.

పోయిన నెల కాలిపోయిన మోటార్లు నలభై వెనక్కొచ్చాయి. ఇదివరకు నెలకి రెండో మూడో వచ్చేవి. ఓనరు అన్నిటినీ విప్పించాడు. నువ్వు పెట్టించిన బిళ్లలు ఉన్నాయిగా. నలభైలో ముప్పై ఒకటి ఎనిమిదో నంబరువి. అన్నీ పిన్ని వెళ్లిపోయిన తర్వాతి తేదీలవి.

"అబద్ధం! బిళ్లలు మార్చేశారు!" అని అరిచాను. మా బెంచీలో పొడుగక్క అని ఒకామె ఉంది, నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది.

"నీకు నిజంగా తెలీదా?" అంది.

"ఏంటి తెలిసేది?"

"మధ్యాహ్నం నువ్వు మేడెక్కి పేపరు చదువుతుంటే కింద మీ పిన్ని ఏం చేసేదనుకున్నావే? నువ్వు చివర వేసే ముడి గుర్తుపట్టి, నీ కాయిల్స్ ఏరి, విప్పి, తీగంతా తడిమి మళ్లీ చుట్టేది. రోజుకి పన్నెండో పదిహేనో. నువ్వు పరిగెత్తిస్తే తీగ గీసుకుపోదా మరి? నంబర్ల ట్రేలు వచ్చాక కూడా తన పని ఆపుకుని నీ ట్రేనే దిద్దింది."

"నాకెందుకు చెప్పలేదు మీరెవరూ?"

"చెప్పనిస్తేగా! 'దానికున్నది ఆ పొగరొక్కటే, అది తీసేస్తే చెయ్యాడదు' అనేది."

ఆకలితో పనిచేసింది అన్నయ్యా. నేను మేడ మీద కార్మికుల హక్కుల గురించి చదువుతున్నంతసేపూ కింద తన అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. నీ అధ్యాయంలో ట్రే చాటున దాక్కున్న మనిషి ఒకరున్నారు కదా. అది నేను.

పొడుగక్క ఈ సంగతి చెప్పాక ఓనరు నన్ను తిట్టి ఊరుకోలేదు, పిన్నికి కబురు కూడా పంపాడు. చుట్టే పని కాదు, తీగ తడిమి గీతలు చెప్పే పని. కొత్త కుర్చీ కూడా వేయించాడు. పిన్ని లాండ్రీ నుంచి అటే వచ్చింది. బెంచీ అంతా లేచి నిలబడ్డాం.

సూపర్‌వైజర్ ఒక పాత రీలు ఇచ్చాడు. పిన్ని కళ్లు మూసుకుని తీగ రెండు వేళ్ల మధ్య పెట్టుకుని లాగింది. నేను పక్కనే ఉన్నాను. తీగ మీద గీత ఉంది, గోరంత పొడుగున ఎర్రగా మెరుస్తోంది, నా కంటికే కనిపిస్తోంది. అది పిన్ని వేళ్ల దగ్గరికి వచ్చింది. వేళ్ల మధ్యనుంచి అవతలికి పోయింది. పిన్ని ఆగలేదు.

కళ్లు తెరిచి మా ముఖాలు చూసింది.

"దాటిపోయిందా?" అంది.

ఇంకో చేత్తో చూసింది. ఆ చెయ్యీ అంతే. మూడు నెలలు మందునీళ్లలో నాని, చర్మం పొరలు పొరలుగా ఊడి, మళ్లీ మొద్దుబారి వచ్చింది. రీలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "నాకు లాండ్రీలో బాగానే ఉందిలెండి" అంది ఓనరుతో. వెళ్తూ నా భుజం తట్టింది. తట్టిన చోట గరుకుగా తగిలింది.

చూపు తగ్గిందని నేను నీకు రాశాను. కళ్ల పరీక్ష అని నువ్వు రాశావు. తన పని కళ్లతోనేనా అని మనిద్దరిలో ఎవరం అడగలేదు.

ఇప్పుడు నేను మేడెక్కట్లేదు. తీగ వేళ్ల మధ్య పెట్టుకుని, పిన్ని ఎలా నిమిరేదో గుర్తు తెచ్చుకుంటూ తిప్పుతున్నాను. గీత తగిలినప్పుడు ముల్లులా తెలుస్తోంది. ఆపి, కోసి, అతికించి, మళ్లీ మొదలుపెడుతున్నాను. నిన్న సాయంత్రం సూపర్‌వైజర్ నా ట్రే లెక్కపెట్టాడు. నీ పుస్తకంలో ఉన్న యాభై అనే అంకె మీద వేలు పెట్టి చూపించి, రేపు ఓనరు గదికి రమ్మన్నాడు. వాళ్లకి గీత ఉండకూడదు, యాభైకీ తగ్గకూడదు.

ట్రేలో ఉన్నవి ముప్పై ఎనిమిది. మళ్లీ రెండుసార్లు తడిమి చూశాను, ఒక్కదానిలోనూ గీత లేదు. నీ నాలుగో అధ్యాయంలో ఆ అంకె పక్కన రాసిన "మాత్రమే" కొట్టేసి, ఈ మాట రాయి.

పిన్ని దగ్గర ఆలస్యంగా పని నేర్చుకుంటున్న
నీ చెల్లి