సొంతకాళ్ళవాళ్ళ కుర్చీలు

కెస్లర్ ల్యాండింగ్,
ఏప్రిల్ 18, గురువారం, మధ్యాహ్నం.

చెల్లాయ్ ఎర్లీన్‌కు,

అన్న రూఫస్ దీవించి రాయునది. ఈ ఉత్తరం అందేసరికి డెట్రాయిట్‌లో మంచు కరిగి, నీ మోకాళ్ళు నీ మాట వింటూ ఉంటాయని తలుస్తాను. ఇక్కడ నది నిండుగా ఉంది, నా పళ్ళు సగమున్నాయి, తక్కినదంతా దేవుడి దయ. ఫోనుండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోనులో నువ్వు నన్ను ఏ కథా ముగించనివ్వవు. కాగితమైతే అడ్డు తగలదు. అక్షరాలు వంకరపోతే వయసు మీదకు తొయ్యకు, సంతోషం మీద గబగబా రాసేస్తున్నాను.

మా పై అంతస్తు డెల్ఫీన్ గెయిన్స్ గుర్తుందా? కిందటిసారి నువ్వొచ్చినప్పుడు నీ పీచ్ పండ్ల కాబ్లర్‌లో తీపి చాలలేదని నీ మొహమ్మీదే చెప్పిన పిల్ల. ఆ పిల్ల గట్టెక్కింది చెల్లాయ్. కానీ గట్టెక్కనని మొండికేసిన తరవాత గట్టెక్కింది. ఆ ముచ్చట రాయకపోతే నాకు అన్నం సయించదు.

మా సర్కారు ఇళ్ళలో ఒక పథకం ఉంది. కాగితాల మీద దాని పేరు పొడుగు, మేం సొంతకాళ్ళ పథకం అంటాం. మామూలుగా ఇక్కడ జీతం పెరిగితే అద్దె కూడా వెంటపడి పెరుగుతుంది. అందుకే మా కారిడార్‌లో జీతం పెరిగినవాణ్ణి అభినందించేముందు ఓదారుస్తారు. ఈ పథకంలో చేరినవాళ్ళకు మాత్రం ఆ పెరిగిన అద్దెను వాళ్ళ పేరనే దాచిపెడతారు. ఐదేళ్ళ గడువులో ఉద్యోగంలో నిలదొక్కుకుని, ఒప్పుకున్న పనులన్నీ పూర్తిచేసి సంతకం పెడితే ఆ మూట వాళ్ళది. గడువు దాటిందా, మూట కార్యాలయానిది.

ఇక్కడ కుర్చీల సంగతి చెప్పాలి, లేకపోతే కథ నిలబడదు. మొట్టమొదట గట్టెక్కిన మనిషి ఐడా బెల్. సంతకం పెట్టిన రోజున హాలులో ఇనప మడత కుర్చీ మీద కూలబడి ఏడ్చింది. ఐడా బెల్ ఏడుపు అంటే మనిషంతా ఏడుస్తుంది కదా, కుర్చీ కాలు వంగిపోయింది. పథకం చూసే మిసెస్ ప్రాక్టర్‌కు ఏమనాలో తోచక, పోనీ ఇది నువ్వే పట్టుకుపో అంది. ఆ తరవాత గట్టెక్కినామె మూట తీసుకుని గుమ్మంలో నిలబడి, నా కుర్చీ ఏదని అడిగింది. అదే ఆచారమైపోయింది. పథకంలో చేరినవాళ్ళ పేరు కుర్చీ వీపున రంగుతో రాస్తారు. గట్టెక్కిన రోజున దాన్ని నెత్తిన పెట్టుకుని, మేమంతా చప్పట్లు కొడుతుంటే గేటు దాటతారు. నేను బార్జీల మీద పనిచేసే రోజుల్లో మా కెప్టెన్ ఒకడు ప్రతి రేవులోనూ ఒక చెంచా కొట్టుకొచ్చేవాడు. మనిషికి దాటొచ్చిన చోటు నుంచి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కాబోలు.

సరే, అసలు చిక్కు. ఇన్ని కుటుంబాలకు తగ్గకుండా ఈ పథకం నడపాలని మా కార్యాలయానికి పైనుంచి ఒక లెక్క ఉంది. ఒక కుటుంబం గట్టెక్కిందంటే ఆ లెక్కలో ఒకటి తగ్గుతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ ఒక్కటి మిగిలింది. హాలులో కుర్చీ కూడా ఒక్కటే, డెల్ఫీన్‌ది. కుర్చీలే లెక్క, లెక్కే కుర్చీలు అని మా అందరి నమ్మకం. ఆఖరి కుర్చీ గేటు దాటితే పథకం మూతపడుతుందని ముసలీ ముతకా కూడా అనేవాళ్ళు. డైరెక్టర్ హాలండ్‌గారు కూడా, లెక్క సున్నా అయితే నడపాల్సిన పని మాకు లేదని సెలవిచ్చాడు.

డెల్ఫీన్ ఆసుపత్రిలో మంచాలు తుడిచే పనిలో మొదలెట్టి, పిల్లల్ని సాకుతూనే రాత్రి బడికి వెళ్ళి, ఇప్పుడు ఊపిరాడనివాళ్ళకు గాలి యంత్రాలు పెట్టే ఉద్యోగంలో ఉంది. సికమోర్ వీధిలో చిన్న ఇల్లు చూసుకుంది. వరండాకు ఏ రంగు వెయ్యాలో నిరుడే తేల్చుకుంది. ఒప్పుకున్న పనులన్నీ అయిపోయాయి. పోయిన వారానికి ఆఖరి సంతకం ఒక్కటే మిగిలింది, గడువు ఈ శుక్రవారం. అయినా కార్యాలయం వైపు పోదు. మిసెస్ ప్రాక్టర్ ఫోను చేస్తే ఎత్తదు.

పోయిన వారం మెట్లమీద పట్టుకుని నిలదీశాను. మొదట నా టోపీని వెక్కిరించింది. వదల్లేదు. అప్పుడు మెల్లగా చెప్పింది:

"బాబాయ్, గట్టెక్కితే లెక్క తగ్గుతుంది. ఓడిపోతే తగ్గదు. నేను ఓడిపోతే ఆ ఒక్క చోటూ అలాగే ఉంటుంది, నా వెనకాల వరసలో ఉన్న మనిషిని వాళ్ళు తీసుకుని తీరాలి. నేను సంతకం పెట్టానంటే ఆ మనిషి మొహాన తలుపేసినట్టే."

చూశావా ఎంత పని తలపెట్టిందో. ఐదేళ్ళు పోగైన మూటనీ, సికమోర్ వీధి ఇంటినీ నీళ్ళలో వదిలేసి, కావాలని ఓడిపోదామని కూర్చుంది. ఎవరే ఆ మహానుభావులు అంటే చెప్పదు. కవలలతో సతమతమయ్యే కింద అంతస్తు తవానా కాబోలనుకున్నారు కొందరు. నేను తిట్టాను, బతిమాలాను, వాళ్ళమ్మ ఆత్మ మీద ఒట్టు పెట్టాను. మా అమ్మ ఉంటే నాకే ఓటేసేది బాబాయ్, నువ్వెళ్ళి పడుకో అంది.

ఆ పిల్ల వినదు. అయితే వినాల్సినవాళ్ళు ఇంకొకరున్నారు. మంగళవారం హాలులో కార్యాలయం బోర్డు సమావేశం, డెల్ఫీన్ సంతకం ఎలాగూ పడుతుందన్న ధీమాతో అందులోనే పథకం మూతకు ముహూర్తం పెట్టారు. నేను నా పాత ట్రక్కు తీసుకుని ఊరు మీద పడ్డాను. గట్టెక్కినవాళ్ళు ఎక్కడెక్కడున్నారో వెతికి ఒక్కటే అడిగాను: నీ కుర్చీ పట్టుకుని రా.

ఎర్లీన్, ఆ కుర్చీలు ఏమయ్యాయో చూస్తే నవ్వి చచ్చేదానివి. ఐడా బెల్ తన వంకరకాలు కుర్చీని మంగళహారతి ఒక్కటే తక్కువగా తనింటి ముందుగదిలో నిలబెట్టుకుంది. లెమ్యూల్ చేపల వేటకు వాడుతున్నాడు, ఎర వాసన నిన్నటిదాకా నా ట్రక్కును వదల్లేదు. ఒకామె పెరట్లో పాతసామాను అమ్మకంలో దాన్ని అమ్మేసుకుంది. కొన్నవాళ్ళింటికి పోయి, కథంతా చెప్పి, వాళ్ళను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. స్కూలు బస్సు నడిపే వెర్నెల్ వచ్చేదారిలో నలుగురిని ఎక్కించుకుంది.

మంగళవారం సాయంత్రం హాలండ్‌గారు ఫైలు చంకన పెట్టుకుని లోపలికొచ్చేసరికి అడుగు వెయ్యడానికి సందు లేదు. ఎవరి కుర్చీలో వాళ్ళు, వీపున ఎవరి పేరు వాళ్ళది. డెల్ఫీన్ డ్యూటీ దిగి అదే బట్టల్లో తలుపు దగ్గర నిలబడిపోయింది. ఇంతమంది గట్టెక్కారని దానికి తెలియదు, ఊరంతా తిరిగిన నాకే తట్టలేదు. ఒక్కొక్కరుగా వెళ్ళిపోయినవాళ్ళు కదా, అందరినీ ఒక్కచోట చూసినవాళ్ళెవరు?

హాలండ్‌గారు డెల్ఫీన్ సంతకంతో లెక్క సున్నా అయ్యే సంగతి చదివాడు. బోర్డులో మన మంగలి క్లైడ్ మిమ్స్ ఉన్నాడు, నా తలమీద జుట్టున్న రోజుల నుంచీ ఎరుగుదును. వాడికి కూర్చోడానికి చోటు దొరకలేదు. అటూ ఇటూ చూసి, నిలబడే అడిగాడు:

"హాలండ్, ఇంతకు తగ్గకూడదన్నారు, సరే. ఇంతకు మించకూడదని ఎవరైనా అన్నారా?"

లేదండీ అన్నాడు హాలండ్‌గారు. అడుగు ఉంది గాని పైకప్పు లేదండీ, నడపదలిస్తే ఎందరితోనైనా నడపొచ్చు అన్నాడు. మిసెస్ ప్రాక్టర్ వైపు చూశాం. ఆ మాట ప్రతి ఏడూ రాసిస్తూనే ఉన్నాను, చదివే తీరిక ఎవరికుంది అన్నట్టు కళ్ళజోడు తుడుచుకుంది. మేమేమో కుర్చీలు ఎన్నో చోట్లూ అన్నే అనుకుని ఏళ్ళ తరబడి గుండెలు బాదుకున్నాం. ఐడా బెల్ కాలు వంచిన ఇనప ముక్కకు చట్టం విలువ కట్టాం.

అప్పుడు ఐడా బెల్ లేచింది. ప్రసంగమేమీ చెయ్యలేదు. "క్లైడ్, నించున్నావెందుకు, నా కుర్చీలో కూచో. జాగ్రత్త, నన్ను మోసిన కుర్చీ అది" అంది. క్లైడ్ కూర్చున్నాడు. హాలంతా నవ్వులు. ఆ నవ్వులోనే చేతులెత్తమన్నారు, పథకం నడపాలని తీర్మానమైంది, ఒక్క చెయ్యి కూడా కిందుండలేదు. బుధవారం పొద్దున్నే డెల్ఫీన్ సంతకం పెట్టింది. కుర్చీ నెత్తిన పెట్టుకుని గేటు దాటుతుంటే వెర్నెల్ బస్సు హారను ఆపకుండా మోగించింది. రాత్రి మా అందరికీ క్యాట్‌ఫిష్ వేపుడు, మొక్కజొన్న రొట్టె. కాబ్లర్ డెల్ఫీన్ చేసింది. నిజం చెప్పాలంటే నీదాని కంటే తీపి ఎక్కువే, కానీ నీ చేతి వాసన లేదు.

మోకాళ్ళకు ఆముదం రాయడం మానకు. జవాబు రాయి, ఫోను చెయ్యకు.

నీ అన్న,
రూఫస్ టాలివర్.

తా.క. నువ్వు నవ్వుతావని పైన ఒక ముక్క మింగాను. డెల్ఫీన్ వెనకాల వరసలో ఉన్నది తవానా కాదు, నేను. పడవ ఇంజన్లు బాగుచేసే కొట్టు ఒకటి నా పేరున బోర్డు కట్టి తెరవాలని పోయిన శీతాకాలం దరఖాస్తు పడేశాను, ఎవరితోనూ అనలేదు. ఆ పిల్ల ఓడిపోదామనుకున్నది నాకోసమని మిసెస్ ప్రాక్టర్ నోట విన్న రోజునే ట్రక్కు బయటికి తీశాను. ముసలి మొద్దుకోసం ఇల్లు వదులుకుంటావా అని నిన్న కేకలేస్తే, నేను డ్యూటీలో ఉన్నప్పుడు నా పిల్లలకు జావ కాచిపెట్టిన మొద్దు కదా బాబాయ్ అంది. ఇవాళ పొద్దున ఒప్పందం మీద సంతకం పెట్టాను. హాలులో ఇప్పుడు కొత్తగా నాలుగు కుర్చీలున్నాయి, ఒకదాని వీపున నా పేరుంది, రంగు ఇంకా తడి ఆరలేదు. కొంచెం కుంటుతోంది. మార్చి ఇస్తామన్నారు, వద్దన్నాను. ఐదేళ్ళుంది కదా, నేనే బాగుచేసుకుంటాను.