ఆడవాళ్ల గది పరదా

స్టేషన్ మాస్టర్ గారికి,

నిన్న మీ జవాను, కొత్తగా కట్టిన ఆడవాళ్ల గదిలోకి నన్ను "రాండ్రి దొరసానీ" అని పిలిచాడు. నా చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంది. జ్వరంతో నా వెనకే వస్తున్న మా అవ్వ కనకవ్వను మాత్రం ఆపాడు.

"పనిమనుషులు బయటనే కూసోవాలె. పరదా ముట్టకు, మాస్తది."

మీరు నేత సంఘంలో కొన్న ఆ పరదాను మా బాపు నేశాడు. దానికి నూలు కండెలు చుట్టింది మా అవ్వే.

"పోనీ బిడ్డా, నువ్వు కూసో" అన్నది అవ్వ. బెల్లంపల్లి బండి వచ్చేదాకా ఇద్దరం ఎండలోనే నిలబడ్డాం. అప్పుడు నాకు నోరు పెగలలేదు. అందుకే రాస్తున్నాను.

శుక్రవారం మళ్లీ ఆసుపత్రికి పోవాలి. ఆ పరదా ఎత్తి ముందు మా అవ్వే లోపలికి వస్తుంది. ఎవరు ఆపినా ఈసారి మాట్లాడతాను.

ఇట్లు,
కనకవ్వ బిడ్డ